అయిదో మజిలీలో కేక

పోయిన వారం బిందును ఇచ్ఛాపురం బస్టాండులో, డొంకూరు ఆటో కోసం నిలబడి ఉండగా వదిలాం. చేతిలో ఫోను, ఫోను నిండా తిట్లు. మూడేళ్ళు ఆమె కథ రాసి, మాటలు రాసి, తీరమంతా తిరిగి చప్పుళ్ళు ఏరి తెచ్చిన ‘ఉప్పుదిక్కు’ గేము శుక్రవారం విడుదలైంది. మంగళవారానికల్లా నవ్వులాటకి సరుకైంది. భావనపాడు నుంచి డొంకూరు దాకా సముద్రమంతా తెర మీద తిరగొచ్చు, గాలి మారితే కెరటం మారుతుంది, ఇంతటి సాహసయాత్ర తెలుగులో మీరు చూసి ఉండరు అని ట్రైలర్లో ఊరించినవాడు ఆమె మేనబావ పృథ్వీ. టెక్కలి వాడు. విశాఖపట్నంలో ఆ గేము తయారుచేసిన స్టూడియో పెట్టినవాడూ అతనే. విడుదలైన దగ్గర్నుంచి ఎవరి ఫోనూ ఎత్తడం లేదు.

బిందుకి ఫోను చేసింది డొంకూరు కుమారి. “ఒక్కసారి రా అక్కా. ఫోన్లో సెప్పీది కాదు” అని పెట్టేసింది.

ఆటో దిగేసరికి ఉదయం పదకొండు. ఎల్లాజీ ఇంటి అరుగు మీద కాళ్ళు చాపుకుని, వల అంచు బొటనవేలికి తగిలించి చిరుగులు అల్లుతున్నాడు. అరవై దాటిన మనిషి. పద్నాలుగు నెలలపాటు బిందుకి సముద్రం చెప్పింది ఆయనే. ఏ మబ్బుకి భయపడాలో, ఏ మబ్బుని లెక్కచెయ్యక్కర్లేదో, నీటి రంగు చూసి కింద ఇసకో రాయో ఎలా చెప్పాలో, అన్నీ. ఎప్పుడొచ్చినా “ఏటమ్మా, తిన్నావా” అని అడిగేవాడు. ఈసారి తలెత్తి చూసి మళ్ళీ వల మీదికి వంగాడు.

“లోపలికి రా అక్కా” అంది కుమారి.

కుమారి ఎల్లాజీ కోడలు. ఆరేళ్ళ కిందట ఆమె మొగుడు యువరాజు ఒంటరిగా తెప్ప వేసుకుని వెళ్ళాడు. మూడో రోజున తెప్ప ఒక్కటే ఒడ్డుకి కొట్టుకొచ్చింది. మనిషి దొరకలేదు. పుట్టింటివాళ్ళు రమ్మన్నా వెళ్ళకుండా కుమారి అత్తమామల దగ్గరే ఉండిపోయింది. ఇచ్ఛాపురంలో మన్మథరావు సెల్‌ఫోన్ల షాపులో రిపేరు పని నేర్చుకుంది. పగిలిన స్క్రీన్లు మారుస్తుంది, ఖాళీ దొరికితే గేములు ఆడుతుంది. ‘ఉప్పుదిక్కు’ కోసం ఆమె ఎదురు చూసినంతగా ఇంకెవరూ చూసి ఉండరు. ట్రైలర్లో తన ఊరి పేరు తెలుగు అక్షరాల్లో కనబడిన రోజున బిందుకి ఫోను చేసి, ఊరికే నవ్వుతూ ఉండిపోయింది.

ఇప్పుడు ఆ మొహంలో నవ్వు లేదు. షాపు యజమానిని అడిగి తెచ్చిన ల్యాప్‌టాప్ ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టి, తాను నేల మీద కూచుంది.

“ముప్పై గంటల ఆటన్నారు. మూడు గంటల్లో అయిదో మజిలీకి వచ్చీసినాను. ఆరోదే ఆకర్దంట. ఆ మూడు గంటల్లో గంట అప్‌డేటే.”

తెర మీద డొంకూరు వచ్చింది. వచ్చిందని అనడానికి ఊరి బోర్డు ఒక్కటే ఆధారం. ఇళ్ళన్నీ ఒకే ఇల్లు. సరుగుడు చెట్లు నేలకి జానెడు ఎత్తున గాలిలో నిలబడి ఉన్నాయి. ఒక ముసలమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని గోడలోకి నడుస్తోంది, వెనక్కి వస్తోంది, మళ్ళీ గోడలోకి నడుస్తోంది. సముద్రం గచ్చు పలకలు పరిచినట్టు గళ్ళు గళ్ళుగా ఉంది. మూడు కెరటాలు. లేస్తే ఆ మూడే లేస్తున్నాయి, పడితే ఆ మూడే పడుతున్నాయి.

ఎల్లాజీ వల పక్కన పెట్టి గుమ్మంలోకి వచ్చాడు. కాసేపు చూశాడు.

“ఇదేటి, ఉప్పు మడా?”

“సముద్రం మావా” అంది కుమారి.

“ఓలమ్మ.”

తెప్ప మీద ఒక వీరుడు నిలబడ్డాడు. తెడ్డుని గదలా భుజాన వేసుకుని, “కడలికి నేనే సింహం!” అని అరిచాడు. ఏ ఊరి యాసా కాదది. సబ్బు ప్రకటనల్లో మాట్లాడే యాస. ఆ చోట బిందు రాసిన మాట వేరు. “గాలి మారినాది, ఇంటికెల్దారి” అని ఒక జాలరి పక్కవాడితో అంటాడు. అంతే రాసింది. దానికోసం ఎల్లాజీ చేత పదిసార్లు అనిపించుకుంది.

“గాలికి ఎదురెల్తన్నాడు గుంటడు. తెరసాప మరి ముందుకెందుకు ఉబ్బినాది?” ఎల్లాజీ బిందు వైపు తిరిగాడు. “పద్నాలుగు నెలలు సెప్పినాను గదమ్మా. ఎవులికి సెప్పినాను?”

విడుదలకి ఆరు నెలల ముందే కథ బిందు చేతిలోంచి పోయింది. డైలాగులు వేరేవాళ్ళు రాశారు. గాలి లెక్కలన్నీ బరువని తీసేశారు. ఈ సంగతులు ఆమెకి తెలుసు. తెలిసీ ఇప్పుడు చూస్తుంటే ఎవరో నమిలి ఉమ్మేసింది తన పళ్ళెంలో పెట్టినట్టుంది.

“ఇందుకు కాదు నాను రమ్మన్నది.” కుమారి లేచి పెరటి తలుపు దగ్గరగా వేసింది. పెరట్లో అత్త తవిటమ్మ చేపలు కోసి ఉప్పు పట్టిస్తోంది. కుమారి సౌండు బాగా తగ్గించి, అయిదో మజిలీ తెరిచింది. “ఇప్పుడు ఇను.”

నీళ్ళలోంచి ఒక ఆకారం లేచింది. ఉబ్బిపోయిన ఒళ్ళు. కళ్ళుండే చోట పీతలు కదులుతున్నాయి. పైన ఎర్ర అక్షరాల్లో ‘మునిగినవాడు’ అని పేరు. వాడు నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి ఒక ఆడమనిషి గొంతు వచ్చింది.

“ఒరే యువరాజూ... రారా... రారా నాయినా...”

బిందు ఆ గొంతు పోల్చుకుంది.

మూడేళ్ళ కిందట, యువరాజు పోయిన తేదీ తిరిగొచ్చినప్పుడు, తవిటమ్మ మోకాలి లోతు నీళ్ళలోకి దిగి మూడుసార్లు పిలిచింది. కెరటాల చప్పుడు కోసం బిందు ఒడ్డున పెట్టిన రికార్డరు ఆ కేకని కూడా పట్టింది. ఆ పూటే ఎల్లాజీ అడిగాడు: “అది ఆటలో ఎట్టవు గదమ్మా?” పెట్టనని బిందు ఆయన చేతిలో చెయ్యి వేసి చెప్పింది.

“ఆడిని ఇరవైసార్లు కొట్టాలక్కా” అంది కుమారి. “తెడ్డుతోటి. కొట్టినప్పుడల్లా అత్త పిలుత్తాది. ఇరవై దెబ్బలు కొడితేగానీ ముందుకి పంపడు.”

“కొట్టావా?”

“ఆ గొంతెవులిదో పోల్చుకునీలోపు మూడు దెబ్బలు కొట్టీసినాను.”

బిందు లేచి వీధిలోకి వెళ్ళి ఉమ్మి వచ్చింది.

“ఇది నీ దగ్గిరే ఉన్నాది గదా” కుమారి నెమ్మదిగా అడిగింది. “అందులోకి ఎలగెల్లింది?”

“స్టూడియో కంప్యూటర్లో దాచాను. వాడొద్దని రాసి మరీ దాచాను. బావే తీసుంటాడు.” ఆ మాట చాలా తొందరగా వచ్చింది ఆమె నోట్లోంచి.

వీధిలో కారు ఆగింది.

కారులోంచి పృథ్వీ దిగాడు. వెనక సూర్యం అనే కెమెరామేను, చేతిలో బొచ్చు తొడిగిన పొడుగాటి మైకు. పృథ్వీ నాలుగు రోజులుగా టెక్కలిలో తండ్రి ఇంట్లో తలుపు వేసుకుని కూచున్న మనిషి. గెడ్డం పెరిగింది, చొక్కా మాత్రం ఇస్త్రీది.

“ఏటి బిందూ, నువ్విక్కడే ఉన్నావా? మంచిదే అయింది” అని ఎల్లాజీకి నమస్కారం పెట్టాడు. “మీ కోసమే వచ్చానండీ. గేము పోయింది, ఒప్పుకుంటాను. కానీ అందులో ఒక్కటి పోలేదు. ఆ కేక. జనం గేముని తిడుతూ తిడుతూ అక్కడికొచ్చి ఆగిపోతున్నారు. జపాన్లో ఎవడో ఆ ముక్క కోసి పెడితే లక్షల మంది విన్నారు. ఏడుస్తున్నారండీ. ఈ అమ్మ ఎవరు, ఎక్కడుంది అని అడుగుతున్నారు. అమ్మగారు ఒక్క పది నిమిషాలు ఒడ్డున నిలబడి ఇంకోసారి అలా పిలిస్తే...”

“ఛీ” అంది కుమారి. గట్టిగా కూడా అనలేదు.

పృథ్వీ మాట తెగింది.

ఎల్లాజీ ఇంకో ప్లాస్టిక్ కుర్చీ లాగి ల్యాప్‌టాప్ ముందు వేశాడు. “కూకో బాబూ. ముందు నీ ఆట నువ్వాడి సూపించు. మాకు ఆడ్డం రాదు గదా.”

“ఇప్పుడెందుకండీ...”

“ఆడు.”

పృథ్వీ కూచున్నాడు. తెప్ప ఎక్కాడు. పది బారలు వెళ్ళగానే తెప్ప నీళ్ళలోంచి జారి, సముద్రం అడుగున ఏమీ లేని తెల్లటి చోటులోకి పడిపోయింది. వీరుడు ఆ తెల్లదనంలో చేతులాడిస్తూ కిందికి, ఇంకా కిందికి పోతున్నాడు.

“ఇది బగ్గండీ. వచ్చే అప్‌డేట్లో సరిచేస్తాం.” మళ్ళీ మొదలుపెట్టాడు.

“ఇది ఏ గాలి బాబూ?”

“అంటే... మామూలు గాలేనండీ.”

“మామూలు గాలి.” ఎల్లాజీ ఆ మాటని నోట్లో తిప్పి చూశాడు. “ఏ దిక్కునించి వత్తన్నాది?”

పృథ్వీ తెర అంతా వెతికాడు. మూడేళ్ళు తన పేరు మోసిన ఆటలో గాలి ఎటు నుంచి వీస్తుందో అతనికి తెలియలేదు. చెవులు ఎర్రబడ్డాయి. గబగబా మీటలు నొక్కుతూ అయిదో మజిలీకి వచ్చేశాడు. ఉబ్బిన ఒళ్ళు నీళ్ళలోంచి లేచింది. అప్పుడు కుమారి చెయ్యి చాపి, సౌండు పూర్తిగా పెంచింది.

“ఒరే యువరాజూ... రారా... రారా నాయినా...”

పెరటి తలుపు తెరుచుకుంది. తవిటమ్మ గుమ్మంలో నిలబడింది. ముంజేతుల దాకా చేప పొలుసు, చేతిలో కత్తి. తెర వంక చూసింది. పీతల కళ్ళవాడు ఆమె గొంతుతో మళ్ళీ పిలిచాడు.

“నా గొంతే అది” అంది తవిటమ్మ. అడిగినట్టూ లేదు, కోప్పడినట్టూ లేదు.

“కొట్టు బాబూ” అన్నాడు ఎల్లాజీ.

పృథ్వీ వేలు మీట మీద ఉంది. నొక్కడం లేదు.

“కొట్టు. కొడితేనే గదా ముందుకెల్తావు. నువ్వు సేసిన ఆటే గదా. ఊర్లోవోలందరి సేతా కొట్టింతన్నావు. మరి నువ్వేటి సూత్తన్నావు? ఆడి తల్లి ఇక్కడే ఉన్నాది. కొట్టు.”

మునిగినవాడు వీరుడి మీద పడి నీళ్ళలోకి లాక్కుపోయాడు. ‘మీరు మునిగిపోయారు. మళ్ళీ ప్రయత్నించండి’ అని తెర మీద వచ్చింది. ఎవరూ ఏమీ నొక్కకుండానే ఆట మళ్ళీ మొదలైంది. మళ్ళీ కేక. మళ్ళీ మునిగిపోయారు. మూడోసారి పృథ్వీ ల్యాప్‌టాప్ మూత మూసేశాడు. మూత కింద నుంచి కూడా కేక ఒకసారి వినబడి ఆగింది.

అప్పుడు బిందు నోరు విప్పింది. నాలుగు రోజులుగా, కాదు, ఆరు నెలలుగా దాచుకున్నదంతా.

“సిగ్గుందా బావా నీకు? పద్నాలుగు నెలలు ఈ మనుషులు తిండి పెట్టారు. వాళ్ళు చెప్పిన గాలి తీసేశావు, మాట తీసేశావు, ఊరు తీసేశావు. మిగిలింది ఒక తల్లి ఏడుపు. దాన్ని తీసుకెళ్ళి దెయ్యం నోట్లో పెట్టావు. ఇప్పుడు కెమెరా పట్టుకుని ఇంకోసారి ఏడవమని అడగడానికి వచ్చావు. నిన్ను చూస్తుంటే అసహ్యమేస్తోంది. నీ పక్కన కూచుని పని చేసినందుకు నా మీద నాకే...”

“చాలు బిందూ.”

“చాలదు. వాడొద్దని రాసి పెట్టినదాన్ని దొంగతనంగా...”

“దొంగతనంగా తియ్యలేదు.” పృథ్వీ లేచి నిలబడ్డాడు. మొహం వాడిపోయి ఉంది. “వీళ్ళ ముందు ఈ మాట ఎత్తకూడదనుకున్నాను. నాకు నువ్వు తప్ప వేరే మేనమామ కూతురు లేదు. కానీ అన్నీ నా నెత్తినే పెడితే ఎలా?”

ఫోను తీసి, వెతికి, కుమారి చేతికిచ్చాడు.

కుమారి చదివింది. పైకే చదివింది, ఒక్కో మాటా ఆపి ఆపి. “బావా, అయిదో మజిలీ పేలవంగా ఉంది. డొంకూరు ఫోల్డర్లో తవిటమ్మ కేక ఉంది. వాడుకో. గుండె పట్టేస్తుంది. వాళ్ళెవరూ ఈ గేము ఆడరులే.” కింద పేరు కూడా చదివింది. “బిందు.”

ఎనిమిది నెలల కిందటి మాట. అప్పటికి గేము చేతుల్లోంచి జారిపోతోందని స్టూడియోలో అందరికీ తెలుసు. ఒక్క దృశ్యమైనా నిలబడాలని, తన పేరు ఒక్క చోటైనా నిలబడాలని బిందు తహతహలాడింది. టీ కప్పు పక్కన పెట్టుకుని రెండు నిమిషాల్లో రాసి పంపింది. తరవాత మరిచిపోయానని చెప్పుకుంది. మరిచిపోలేదు. మరిచిపోయినట్టు ఉండటం అలవాటు చేసుకుంది. అలవాటు ఎంత గట్టిపడిందంటే, ఇందాక కుమారితో “బావే తీసుంటాడు” అన్నప్పుడు అది అబద్ధమని తనకే అనిపించలేదు.

“నిజమేనా అక్కా?”

బిందు కుమారి కళ్ళలోకి చూడలేకపోయింది. “నిజమే.”

“ఎవరూ ఆడరులే అని రాసినావు.” కుమారి ఫోను పృథ్వీకి తిరిగిచ్చేసింది. “నానాడతానని నీకు తెలుసు గదా.”

ఆ మాట తరవాత బిందుకి బావ మీద అసహ్యం మిగల్లేదు. అదంతా గిర్రున తిరిగి వచ్చి తన మీదే పడింది. పృథ్వీకి సముద్రం తెలియదు. తెప్పకీ పడవకీ తేడా తెలియదు. ఆ కేక ఎవరిదో, ఎందుకో తెలిసి ఇచ్చింది తాను. క్షమించమని అడగబోయింది. ఆ మాట కూడా గేములో వీరుడి డైలాగులాగే ఉంటుందనిపించి, మానేసింది.

“మావా...” అంది బిందు ఎల్లాజీ వైపు తిరిగి.

ఎల్లాజీ ఆమెను చూడలేదు. అరుగు మీదికి వెళ్ళి వల అందుకున్నాడు. తొందరేం లేనట్టు సూదిలోకి దారం ఎక్కించుకుంటున్నాడు.

“మేం వెళ్తామండీ” అన్నాడు పృథ్వీ. “ఆ సౌండు ఇవాళే తీయించేస్తాను. సూర్యం, సర్దు.”

“ఉండు బాబూ” అంది తవిటమ్మ.

అందరూ ఆమె వైపు చూశారు. కత్తి గుమ్మం పక్కన పెట్టి, చీర కొంగుతో చేతులు తుడుచుకుంటోంది.

“జపాన్లో ఇన్నారన్నావు.”

“అవునమ్మా.”

“వీరావల్ కాడ కూడా ఇంటారేటి?”

గుజరాత్‌లోని వీరావల్ పేరు ఈ తీరంలో తెలియనివాళ్ళు లేరు. ఇక్కడి మగవాళ్ళు ఎందరో ఏటా అక్కడి బోట్ల మీద కూలికి పోతారు. ఈవిడ ఇప్పుడు ఆ ఊరి మాట ఎందుకు ఎత్తిందో బిందుకి అర్థం కాలేదు. కానీ అరుగు మీద ఎల్లాజీ చేతిలో సూది ఆగిపోవడం ఆమె చూసింది.

“ఫోనున్న చోటల్లా వింటారమ్మా” అన్నాడు పృథ్వీ. “బోటు మీద కూచుని కూడా వినొచ్చు.”

“అయితే ఆ గొంతు తీయించకు. కెమెరా ఎట్టు. ఒడ్డుకొద్దు, ఇక్కడే ఎట్టు.”

“తవిటీ!” ఎల్లాజీ వల వదిలేసి లోపలికి వచ్చాడు. “నోరుముయ్యి. పెరట్లోకెల్లు.”

“ఆరేళ్ళు మూసినాను.” ఆమె కుర్చీలో కూచుంది. కెమెరా ముందు ఎప్పుడూ కూచోని మనిషి, వెన్ను నిటారుగా పెట్టుకుని కూచుంది. “కుమారీ, నువ్వూ ఈ పిల్లా బయటికెల్లండి.”

“నానెందుకత్తా?”

“ఎల్లమ్మా. నీకు దండవెడతాను, ఎల్లు.”

కుమారి మామ వైపు చూసింది. ఆయన తల వంచుకున్నాడు. కుమారి బయటికి నడిచింది. బిందు ఆమె వెనక. వాళ్ళ వెనక తలుపు పడింది, లోపల గెడ పడిన చప్పుడు వినిపించింది. అరుగు మీద ఇద్దరూ ఎడంగా నిలబడ్డారు. ఎండ నెత్తి మీదికొచ్చింది. లోపల సూర్యం ఏదో సర్దుతున్నాడు. “మాట్లాడండమ్మా” అన్న పృథ్వీ గొంతు వినిపించింది.

తరవాత తవిటమ్మ మాటలు తలుపు ఇవతలికి స్పష్టంగా వచ్చాయి.

“ఒరే యువరాజూ. నీళ్ళల్లో దిగి నాను పిల్సింది సచ్చినోడికోసమని లోకమంతా అనుకుంటన్నాదిరా. తెప్ప ఒక్కదాన్నీ ఒడ్డుకొదిలీసి నువ్వెక్కడికెల్లినావో నాకూ మీ అయ్యకీ మొదటి నెలే తెలిసిపోనాది. నీ పెళ్ళానికి మాత్రం సెప్పలేదు...”

బిందు కుమారి చెయ్యి పట్టుకోబోయింది. కుమారి విదిలించుకుంది. తలుపు మీద రెండు అరచేతులూ ఆనించి, అరవకుండా, ఏడవకుండా అంది:

“అత్తా, గెడ తియ్యి.”